ఆలిస్ కోల్ట్రేన్: చర్చి ఆర్గన్ దగ్గర మొదలైన భజన

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పుకుంటాను. మీరు ఆరేళ్లుగా వీణ నేర్చుకుంటున్నారు. స్నేహితులు పంపిన అమెరికన్ సంగీతకారిణి ఆలిస్ కోల్ట్రేన్ రికార్డులో తంబురా వినిపించేసరికి ఆశ్చర్యపోయారు. ఆమె గురించి వెతికితే ఎక్కడ చూసినా "జాన్ కోల్ట్రేన్ భార్య" అనే కనిపించింది. ఆ పేరు లేకపోతే ఆమెను ఎవరైనా పట్టించుకునేవారా? ఆశ్రమం పెట్టుకుని భజనలు పాడిన మనిషిని జాజ్ సంగీతకారిణి అనవచ్చా? వినడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? ఇవీ మీరు అడిగినవి.

ముందు జవాబులు. జాజ్ సాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్‌ను కలుసుకునే నాటికే ఆలిస్ పూర్తిగా తయారైన పియానిస్టు. భర్త పేరు ఆమెకు కొన్ని తలుపులు తెరిచిన మాట నిజం. అదే పేరు దశాబ్దాల పాటు ఆమె సొంత పనిని కప్పేసిన మాట కూడా నిజం. ఆమె వదిలిపెట్టింది రికార్డుల వ్యాపారాన్ని మాత్రమే. చిన్నప్పుడు చర్చిలో అబ్బిన విద్య, యవ్వనంలో క్లబ్బుల్లో రాటుదేలిన విద్య, ఆశ్రమంలో భజనకు వాయించిన విద్య మూడూ ఒకటే అని నా అభిప్రాయం. వినడానికైతే, అందరూ చెప్పే "జర్నీ ఇన్ సచ్చిదానంద" కంటే ముందు "తురియా అండ్ రామకృష్ణ" అనే బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాటల నుంచి పుట్టిన శైలి) వినండి. ఎందుకో కింద చెబుతాను.

నేను పియానో, కీబోర్డు నేర్పడం మొదలుపెట్టి ఇరవై ఏడేళ్లయింది. అంతకుముందు రికార్డింగ్ థియేటర్లలో కీబోర్డు వాయించాను. అంతకంటే ముందు, పన్నెండేళ్ల వయసులో, అనంతపురంలో మా వీధిలో గురువారం భజనలకు హార్మోనియం వాయించేవాణ్ని. ఈ చివరి సంగతి మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది కాబట్టి చెబుతున్నాను.

ఆలిస్ లూసీల్ మెక్లౌడ్ 1937 ఆగస్టు 27న డెట్రాయిట్‌లో పుట్టారు. కార్ల ఫ్యాక్టరీల ఊరు అది. దక్షిణాది నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నల్లజాతి కుటుంబాలు అక్కడ చర్చిలు కట్టుకున్నాయి, ఆ చర్చిలు పాటగాళ్లను తయారుచేశాయి. ఆలిస్ తల్లి చర్చి బృందంలో పాడేవారు. ఏడేళ్ల వయసులో పియానో మొదలుపెట్టిన ఆలిస్ ఇంకా చిన్నపిల్లగా ఉండగానే చర్చి ఆరాధనలో ఆర్గన్ వాయించారు. చెల్లెలు మారిలిన్ పెద్దయ్యాక మోటౌన్ రికార్డు సంస్థకు పాటలు రాశారు. సవతి అన్న ఎర్నీ ఫారో జాజ్‌లో బాస్ (మంద్రంగా పలికే పెద్ద తీగవాద్యం) వాయించేవారు, యూసెఫ్ లతీఫ్ బృందంలో ఉన్నారు. చెల్లిని క్లబ్బుల వైపు, బీబాప్ అనే వేగమైన జాజ్ శైలి వైపు నడిపించింది ఆ అన్నే.

డెట్రాయిట్‌లో ఆడవాళ్లు వాద్యం పట్టడం కొత్త విషయం కాదన్నది చాలామంది మరిచిపోతారు. టెర్రీ పొలార్డ్ అనే పియానిస్టు ఆ ఊరి మనిషే. జాజ్‌లో హార్ప్‌ను (నిలువుగా బిగించిన తీగలను వేళ్లతో మీటే పెద్ద వాద్యం) నిలబెట్టిన డొరొతీ యాష్‌బీ కూడా ఆ ఊరి మనిషే, ఆలిస్ కంటే అయిదేళ్లు పెద్ద. ఆలిస్‌ను ఆకాశం నుంచి ఊడిపడిన వింతగా చూపించే వ్యాసాలు నాకు నచ్చవు. ఆమె వెనుక ఒక ఊరు ఉంది, ఆ ఊళ్లో ఒక వరుస ఉంది.

1960 ప్రాంతంలో ఆమె పారిస్ వెళ్లారు. అప్పటికి అక్కడ స్థిరపడి ఉన్న బడ్ పవెల్ దగ్గర మెళకువలు నేర్చుకున్నారు. బీబాప్ పియానోకు పవెల్ ఎలాంటివారో ఒక్క మాటలో చెప్పాలంటే, కుడిచేతిని సాక్సఫోన్‌తో సమానంగా పరుగెత్తించిన మనిషి. ఆ రోజుల్లోనే గాయకుడు కెన్నీ హాగుడ్‌తో ఆలిస్‌కు పెళ్లయింది, కూతురు మిషెల్ పుట్టింది. ఆ పెళ్లి నిలవలేదు. పసిబిడ్డతో డెట్రాయిట్ తిరిగివచ్చి మళ్లీ క్లబ్బుల్లో వాయించుకున్నారు. తర్వాత వైబ్రాఫోన్ (లోహపు పలకలను చిన్న కర్రలతో కొట్టి వాయించే వాద్యం) వాద్యకారుడు టెర్రీ గిబ్స్ ఆమెను తన బృందంలో చేర్చుకున్నారు. అంతకు కొన్నేళ్ల ముందు గిబ్స్ దగ్గర పియానో వాయిస్తూ, ఆయనతో పాటు వైబ్రాఫోన్ మీద జంటగా వాయించినది నేను పైన చెప్పిన టెర్రీ పొలార్డే. ఆలిస్ కూడా ఆ రెండు పనులూ చేశారు.

1963లో ఆ బృందం చేసిన రికార్డు ఒకటి ఉంది, యూదుల సంప్రదాయ గీతాలను జాజ్‌గా మలచినది. భర్త పేరు వల్ల పైకి వచ్చిందని ఎవరైనా నాతో అన్నప్పుడు నేను చేసే పని ఒకటే: ఆ రికార్డులో పియానో వినిపించడం. శుభ్రమైన వేళ్లు, బిగువైన లయ, పవెల్ బడి స్పష్టంగా తెలిసే వరుసలు. అప్పటికి ఆమె ఇంటిపేరు కోల్ట్రేన్ కాదు.

ఆ ఏడాదే న్యూయార్క్‌లోని బర్డ్‌లాండ్ క్లబ్బులో గిబ్స్ బృందం, జాన్ కోల్ట్రేన్ బృందం ఒకే కార్యక్రమంలో వాయించాయి. ఇద్దరికీ పరిచయం అక్కడే. 1965లో పెళ్లి. ముగ్గురు కొడుకులు: జాన్, రవి, ఓరన్. రెండోవాడికి ఆ పేరు పండిట్ రవిశంకర్ మీది గౌరవంతో పెట్టారు. ఆ రవి కోల్ట్రేన్ ఈనాడు పేరున్న సాక్సఫోన్ విద్వాంసుడు.

1965 చివర్లో పియానిస్టు మెకాయ్ టైనర్ జాన్ బృందం నుంచి తప్పుకున్నారు. ఆ స్థానంలోకి ఆలిస్ వచ్చారు. గొడవ ఇక్కడ మొదలైంది. టైనర్ వాయిద్యం స్తంభాల మీద కట్టిన మండపం లాంటిది: ఎడమచేయి మంద్రంలో గట్టిగా పడుతుంది, దాని మీద పైభాగం నిలబడుతుంది. ఆలిస్ ఆ స్తంభాలు తీసేశారు. పియానో ఆ చివర నుంచి ఈ చివర దాకా చేతులు ప్రవహించేవి, స్వరాలు గుంపుగా లేచి గుంపుగా దిగేవి. లయను గుర్తుచేసే పని పియానో మానేసింది. అభిమానుల్లో సగం మందికి అది నచ్చలేదు. భార్య కాబట్టి పెట్టుకున్నాడన్నారు.

నేను దీన్ని పక్కవాద్యం వాయించేవాడిగా చూస్తాను. ఆ రోజుల్లో రషీద్ అలీ డ్రమ్ములు లెక్కపెట్టే తాళాన్ని వదిలేసి అలలాగా సాగుతున్నాయి. జాన్, ఫారో శాండర్స్ ఇద్దరూ సాక్సఫోన్‌లో స్వరం అంచులు దాటి కేకల దాకా వెళ్తున్నారు. అలాంటి చోట పియానో మీద బిగువైన చట్రం పెడితే అది వాళ్ల కాళ్లకు అడ్డం పడుతుంది. ఆలిస్ కాళ్ల కింద నీళ్లు పరిచారు. 1966 మేలో విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో చేసిన రికార్డు వినండి. సాక్సఫోన్‌ను కాసేపు పక్కనపెట్టి పియానో ఒక్కదాన్నే చెవితో వెంబడించండి. నేనీ పని మొదటిసారి చేసినప్పుడు ఆ రికార్డు నాకు కొత్తగా వినబడింది. వాద్యం మొత్తం వాడమని, ఏ మూలనూ వదలవద్దని జాన్ ప్రోత్సహించినట్టు ఆమె తర్వాత చెప్పుకున్నారు.

1967 జూలై 17న జాన్ కాలేయ క్యాన్సర్‌తో చనిపోయారు. వయసు నలభై. ఆలిస్‌కు అప్పటికి ఇరవై తొమ్మిది నిండాయి, ముప్పై రాలేదు. నలుగురు పిల్లలు, చిన్నవాడు ఆ ఏడాదే పుట్టినవాడు.

తర్వాతి రెండు మూడేళ్లు ఆమె తీవ్రమైన స్థితిలో గడిపారు. నిద్ర లేదు, తిండి లేదు, కళ్ల ముందు ఏవేవో కనిపించేవి. బరువు సుమారు 54 కిలోల నుంచి 43 కిలోలకు పడిపోయింది. ఆ కాలాన్ని ఆమె తపస్సు అన్నారు, ఆ మాటనే వాడారు. దుఃఖం అనండి, అనారోగ్యం అనండి, తపస్సు అనండి, ఆ మనిషి తన అనుభవానికి పెట్టుకున్న పేరును కాదనే హక్కు మనకు లేదని నేను అనుకుంటాను. అదే సమయంలో ఆమె పని చేస్తూనే ఉన్నారు. న్యూయార్క్ శివారు లాంగ్ ఐలండ్‌లోని డిక్స్ హిల్స్‌లో ఆ కుటుంబం ఇల్లు, ఇంటి నేలమాళిగలో రికార్డింగ్ గది. 1968లో వచ్చిన మొదటి సొంత ఆల్బమ్ "ఎ మొనాస్టిక్ ట్రియో"తో మొదలుపెట్టి, "ప్తా, ది ఎల్ దావూద్", "జర్నీ ఇన్ సచ్చిదానంద"లో చాలా భాగం, అన్నీ ఆ ఇంట్లో రికార్డు చేసినవే. సంగీతం కోసం పిల్లల్ని, పిల్లల కోసం సంగీతాన్ని వదులుకోకుండా ఇంటినే పనిచోటుగా మార్చుకున్నారు. ఆమె జీవితం గురించి రాసేవాళ్లు స్వాములు, ఆశ్రమాల గురించి పేజీలకు పేజీలు రాసి ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తారు. ఆడవాళ్లకు ఈ రంగంలో ఏది కష్టమో తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయంగా కనబడదు.

ఇప్పుడు హార్ప్ సంగతి. వీణ వాయించే మీకు ఇది బాగా పట్టుబడుతుంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

చివరి రోజుల్లో జాన్ ఆ వాద్యం మీద మనసుపడి ఒకటి తయారుచేయమని చెప్పారు. అది ఇంటికి చేరేసరికి ఆయన లేరు. ఆలిస్ దాన్ని దాదాపు సొంతంగా సాధన చేశారు.

కచేరీ హార్ప్‌కు 47 తీగలు, కాళ్ల దగ్గర 7 పెడళ్లు ఉంటాయి. ఒక్కో పెడల్ ఒక్కో స్వరానిది. దానికి మూడు స్థానాలు: స్వరాన్ని అర మెట్టు దించవచ్చు, ఉన్నచోట ఉంచవచ్చు, అర మెట్టు పెంచవచ్చు. ఒక పెడల్ తొక్కితే అన్ని స్థాయిల్లోనూ ఆ స్వరం మారిపోతుంది. అంటే వాయించేముందు ఏడు పెడళ్లూ సర్దుకోవడమంటే మనం ఒక మేళకర్తను ఎంచుకున్నట్టే. సర్దుకున్నాక చేతిని తీగల మీదుగా మంద్రం నుంచి తారస్థాయి దాకా జార్చితే ఆ మేళంలో లేని స్వరం ఒక్కటి కూడా పలకదు.

ఇంకో కిటుకు ఉంది. మనకు షట్‌శ్రుతి రిషభం, సాధారణ గాంధారం పేర్లు వేరైనా స్థానం ఒకటే కదా. హార్ప్ మీద పక్కపక్క తీగల్ని సరిగ్గా అలాగే ఒకే స్థానానికి తెచ్చుకోవచ్చు. ఏడు తీగలుంటాయి, పలికేవి అయిదో ఆరో స్వరాలే అవుతాయి. అప్పుడు చేయి జార్చితే కొన్ని స్వరాలు రెండేసి సార్లు మోగుతాయి, ఆ మోతలో ఒక మెరుపు ఉంటుంది. మీరు ఆమె రికార్డుల్లో జలపాతం లాంటి ధ్వని విని ఉంటారు. దాని వెనుక ఉన్నది ఈ పెడళ్ల అమరిక.

హార్ప్‌లో లేనిది గమకం. వీణలో మీరు తీగను పక్కకు లాగి ఒక మెట్టు మీద మూడు నాలుగు స్వరాలు పలికిస్తారు. హార్ప్ తీగ మీటితే మీటిన స్వరమే. ఈ లోటు గుర్తుపెట్టుకోండి, ఆశ్రమం దగ్గర మళ్లీ దీని పని పడుతుంది.

"జర్నీ ఇన్ సచ్చిదానంద" చాలావరకు 1970 నవంబరులో రికార్డయి మరుసటి ఏడాది విడుదలైంది. పేరులోని సచ్చిదానంద ఆమె అప్పటి గురువు స్వామి సచ్చిదానంద, తమిళదేశం నుంచి అమెరికా వెళ్లినవారు. మొదటి పాటలో జరిగేది ఇది. సెసిల్ మెక్‌బీ బాస్ మీద ఒక చిన్న వరుస మొదలుపెడతారు, పాట పొడుగునా అది తిరిగి తిరిగి వస్తుంది. వెనుక తంబురా. మీద హార్ప్ తెరలు తెరలుగా దిగుతుంది. ఆ తర్వాతే ఫారో శాండర్స్ సోప్రానో సాక్సఫోన్ వస్తుంది, కేకలేమీ లేకుండా, మెత్తగా. ఆధార శ్రుతి ఒకచోట నిలిచి ఉండగా దాని మీద ఆలోచన సాగడం మనకు పుట్టుకతో తెలిసిన పద్ధతి. మీరు ఆశ్చర్యపోయింది ఇందుకే.

ఇక్కడ ఒక హెచ్చరిక. నా దగ్గర కర్ణాటక గాత్రం నేర్చుకున్న అమ్మాయి ఒకరు చేరారు. ఈ పాట వినిపిస్తే కాగితం తీసుకుని రాగం కనిపెట్టడానికి కూర్చున్నారు. అరగంట తర్వాత "ఇది ఏ రాగానికీ కట్టుబడడం లేదు సార్, ఈమెకు మన సంగీతం తెలియదు" అన్నారు. ఆ కొలబద్దతో కొలిస్తే ఎవరైనా అదే మాట అంటారు. ఆలిస్ రాగం వాయిస్తున్నానని చెప్పుకోలేదు. అది బ్లూస్ నుంచి, ఒకే స్వరవరుస మీద నిలిచి విస్తరించే జాజ్ పద్ధతి నుంచి పుట్టిన సంగీతం. తంబురా దానికి నేలగా వచ్చింది. ఆ అమ్మాయిని తర్వాతి వారం బాస్ వరుసను గొంతుతో పాడమన్నాను, నేను మీద పియానో వాయించాను. పది నిమిషాలయ్యాక తనే ఆపి, "ఇప్పుడు అర్థమైంది, ఇది కదలని చోటు" అన్నారు.

"తురియా అండ్ రామకృష్ణ"తో మొదలుపెట్టమన్నది కూడా ఇందుకే. అది "ప్తా, ది ఎల్ దావూద్" ఆల్బమ్‌లో ఉంది, 1970 జనవరిలో రికార్డయింది. ఆ ఆల్బమ్‌లో ఫారో శాండర్స్, జో హెండర్సన్ అని ఇద్దరు మహా సాక్సఫోన్ విద్వాంసులున్నారు. ఈ ఒక్క పాటలో ఇద్దరూ సాక్సఫోన్లు దించేశారు. పియానో, రాన్ కార్టర్ బాస్, బెన్ రైలీ డ్రమ్ములు. పేరులో తురీయం (వేదాంతం చెప్పే నాలుగో చైతన్యస్థితి) ఉంది, రామకృష్ణ పరమహంస ఉన్నారు. సంగీతమేమో అచ్చమైన డెట్రాయిట్ బ్లూస్. తంబురా లేదు, హార్ప్ లేదు, భారతదేశం పేరుతో చెవికి దొరికే అలంకారం ఒక్కటీ లేదు. ఆ చేతుల్లో ఏముందో అప్పుడు తెలుస్తుంది.

గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక శిష్యుడు నాకుండేవాడు. చిన్నతనం నుంచి వాళ్ల ఊరి చర్చిలో కీబోర్డు వాయించినవాడు. స్వరలిపి చదవడం రాదని, జాజ్ తనలాంటివాళ్లకు అందదని అతని భయం. ఒకరోజు ఈ పాట పెట్టాను. రెండో నిమిషంలో లేచి కీబోర్డు దగ్గరకు వెళ్లి ఎడమచేత్తో మెల్లగా తోడు వాయించడం మొదలుపెట్టాడు. తప్పు స్వరాలున్నాయి కానీ బరువు సరిగ్గా ఉంది. "పాస్టర్‌గారు ప్రార్థన చేస్తుంటే మాటల కింద నేను వాయించేది ఇలాగే ఉంటుంది సార్" అన్నాడు. ఆలిస్ జీవితం గురించి నేను చదివిన చాలా వ్యాసాలకంటే ఆ మాట ఎక్కువ చెప్పింది. పాడే జనం కింద, ప్రార్థించే గొంతు కింద చేయి ఎలా ఉండాలన్నది ఆమెకు చిన్నప్పుడే వచ్చిన విద్య.

మధ్య కాలాన్ని త్వరగా దాటుతాను. 1970 చివర్లో ఆమె స్వామి సచ్చిదానందతో కలిసి భారతదేశం వచ్చారు. 1971 ఫిబ్రవరిలో న్యూయార్క్ కార్నెగీ హాల్లో, ఇద్దరు బాస్ వాద్యకారులు, ఇద్దరు డ్రమ్మర్లతో ఇచ్చిన కచేరీ పూర్తి రికార్డు 2024లో విడుదలైంది. తప్పక వినవలసినది. 1971లోనే వచ్చిన "యూనివర్సల్ కాన్షస్‌నెస్"లో వయొలిన్లు, ఆర్గన్ తోడయ్యాయి. వయొలిన్ల రచనలో సాక్సఫోన్ విద్వాంసుడు ఆర్నెట్ కోల్‌మన్ సాయం ఉంది. నా దృష్టిలో ఆమె రాసిన వాటన్నిటిలో సాహసమైనది అదే, కానీ మొదటిసారి వినేవాళ్లకు చెప్పను. 1974లో గిటార్ విద్వాంసుడు కార్లోస్ సంతానాతో "ఇల్యూమినేషన్స్" చేశారు. తర్వాత వార్నర్ సంస్థకు కొన్ని రికార్డులు చేసి, 1978లో వచ్చిన "ట్రాన్స్‌ఫిగరేషన్"తో ఆపేశారు.

నేను సమర్థించని పని ఒకటుంది. 1972లో జాన్ పేరుతో "ఇన్ఫినిటీ" అనే ఆల్బమ్ వచ్చింది. ఆయన 1965, 66లలో చేసిన రికార్డులకు ఆలిస్ వయొలిన్ల బృందాన్ని, తన హార్ప్‌ను, ఆర్గన్‌ను చేర్చారు. కొన్నిచోట్ల పాత బాస్ తీసేసి చార్లీ హేడెన్ చేత కొత్తగా వాయింపజేశారు. విమర్శకులు మండిపడ్డారు. చనిపోయినవారి రికార్డు మీద, అందులో వాయించిన తోటివారి వేళ్ల మీద అలా చేయివేయడం తప్పేనని నేనూ అనుకుంటాను. ఆ వయొలిన్ల రచన విడిగా ఎంతో బాగుంటుందన్నది కూడా నా మాటే. ఆమెను ఇష్టపడేవాళ్లు ఈ రెంటినీ దాచకూడదు.

ఇక ఆశ్రమం. 1970ల మొదట్లో కాలిఫోర్నియాకు మారారు. ఆ దశకం నడిమికి సన్యాసం తీసుకుని తురీయసంగీతానంద అయ్యారు. 1983లో లాస్ ఏంజెలెస్‌కు పడమట అగూరా కొండల్లో 48 ఎకరాల్లో ఆశ్రమం ఏర్పడింది. మొదటి పేరు శాంతి అనంతం. తర్వాతి కాలంలో ఆమె పుట్టపర్తి సత్యసాయిబాబాను గురువుగా కొలిచారు, ఆశ్రమం సాయి అనంతం అయింది. అంతకు ముందే, 1982లో, పెద్దకొడుకు జాన్ కారు ప్రమాదంలో చనిపోయాడు. అదే ఏడాది "తురియా సింగ్స్" అనే క్యాసెట్ వచ్చింది. రికార్డులో ఆమె గొంతెత్తి పాడింది అప్పుడే మొదలు. ఆ తర్వాత "డివైన్ సాంగ్స్", "ఇన్ఫినిట్ చాంట్స్", "గ్లోరియస్ చాంట్స్" వచ్చాయి. దుకాణాల్లో అమ్మడానికి కాదు, భక్తులు వినుకోవడానికి.

వాటిని నేను 2017లో విన్నాను. ఆ క్యాసెట్లలోని పాటలు కొన్ని ఎంపికచేసి ఆ ఏడాది బయటికి విడుదల చేశారు. రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక, హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. రెండో పాటకో మూడో పాటకో నా కుడి చేతివేళ్లు బల్ల మీద కదులుతున్నాయి. అనంతపురంలో మా వీధి హాలు కళ్లముందుకు వచ్చింది. ఒకపక్క ఆడవాళ్లు, ఒకపక్క మగవాళ్లు, నడుమ దారిలో చాప మడత, నా ఒళ్లో సగం ఆనుకున్న హార్మోనియం పెట్టె. ఒకరు చరణం అందిస్తే అందరూ అందుకుంటారు. మొదటి విడత నిదానం, రెండో విడతకు చప్పట్లు జోరందుకుంటాయి. నాకు హార్మోనియం నేర్పిన పెద్దాయన ఒక్కటే సూత్రం చెప్పేవారు: "జనం ఊపిరి తీసుకునే చోట నీ వేలు ఉండాలి, జనం పాడేచోట నువ్వు వినబడకూడదు." ఆ రాత్రి ఆలిస్ ఆర్గన్ సరిగ్గా ఆ పని చేస్తోంది. ఆశ్రమవాసులు పాడుతుంటే కిందికి తగ్గిపోతుంది, వాళ్లు ఆగిన క్షణంలో పైకి లేస్తుంది.

రాగవరుసలు మాత్రం మన భజనవి కావు. సంస్కృత నామాలు, రామ, నారాయణ, కేశవ. వాటి కింద డెట్రాయిట్ చర్చి స్వరమేళనం, ఆ చప్పట్ల ఊపు. ఉచ్చారణ మన చెవికి కొన్నిచోట్ల తడబడినట్టు ఉంటుంది. దాన్ని పట్టుకుని నవ్వే మనవాళ్లను చూశాను, నాకు బాధేసింది. నామం మీద ఆ గొంతు ఎంత బరువుతో వాలుతుందో వినండి.

హార్ప్ లోటు గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఆశ్రమంలో ఆమె సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం వాడారు. అందులో స్వరాన్ని వంచవచ్చు. "డివైన్ సాంగ్స్"లో ఒక స్వరం కింది నుంచి పైకి పొడుగ్గా జారుతూ వెళ్తుంది, పైనుంచి కిందికి కూరుకుపోతుంది. హార్ప్ మీద దొరకని జారును ఆమె చివరికి అక్కడ పట్టుకున్నారు. వీణ మీద జారు వేసే మీకు ఆ చోటు వినగానే తెలిసిపోతుంది. జాజ్ వదిలేశారా అన్న మీ ప్రశ్నకు నా అసలు జవాబు ఇందులోనే ఉంది: యాభై ఏళ్లు వచ్చేదాకా కొత్త ధ్వని వెతుకుతూనే ఉన్న మనిషి దేన్నీ వదిలేసినట్టు కాదు.

రికార్డుల వ్యాపారానికి దూరంగా ఉన్నప్పుడు కూడా అడపాదడపా వేదిక ఎక్కారు. కొడుకు రవి పట్టుబట్టగా 2004లో "ట్రాన్స్‌లీనియర్ లైట్" చేశారు. ఇరవై ఆరేళ్ల తర్వాత వచ్చిన ఆల్బమ్ అది. అందులో బాస్ వాయించే చార్లీ హేడెన్, డ్రమ్మర్ జాక్ డిజానెట్ ఉన్నారు, చిన్నప్పటి చర్చి పాటలున్నాయి, "సీతారామ్" ఉంది, జాన్ రచనలున్నాయి. చివరిపాట "సత్యసాయీశ", ఆశ్రమ గాయకులతో. 2006లో కొద్ది కచేరీలు చేసి, 2007 జనవరి 12న అరవై తొమ్మిదేళ్ల వయసులో కన్నుమూశారు. 2018 నవంబరులో కాలిఫోర్నియా కార్చిచ్చులో ఆశ్రమ భవనాలు కాలిపోయాయి.

ఆశ్రమం, బాబా అనగానే మనవాళ్లలో కొందరు భక్తితో దగ్గరవుతారు, కొందరు అనుమానంతో దూరమవుతారు. మీ నమ్మకం మీది. వినడానికి మాత్రం రెంటినీ కాసేపు పక్కన పెట్టండి. పందొమ్మిది వందల యాభైల్లో జాజ్ వేదిక దిగిపోయి, క్యాథలిక్ మతం తీసుకుని, తిరిగివచ్చి చర్చి ఆరాధనకు జాజ్‌లో సంగీతం రాసిన పియానిస్టు మేరీ లూ విలియమ్స్‌ను ఎవరూ జాజ్ చరిత్ర నుంచి తీసేయలేదు. ఆలిస్‌కు మరో కొలత పెట్టనవసరం లేదు.

మీకు నేను చెప్పే వరుస ఇది. మొదట "తురియా అండ్ రామకృష్ణ", నాలుగైదు సార్లు. తర్వాత అదే ఆల్బమ్‌లో "బ్లూ నైల్", అందులో హార్ప్ ఉంది, సాక్సఫోన్ల బదులు ఇద్దరూ వేణువులు పట్టారు. ఆ తర్వాత "జర్నీ ఇన్ సచ్చిదానంద" మొత్తం. అప్పుడు 2021లో విడుదలైన "కీర్తన్: తురియా సింగ్స్", అందులో 1982 నాటి క్యాసెట్‌కు చేర్చిన సింథసైజర్, వయొలిన్లు లేకుండా ఆమె గొంతు, ఆర్గన్ మాత్రమే ఉంటాయి. కార్నెగీ హాల్ కచేరీ, 1966 నాటి రికార్డు చివరికి ఉంచుకోండి.

వీణతో ఒక ప్రయత్నం చేసి చూడండి. "జర్నీ" మొదటిపాట బాస్ వరుసను మంద్రతీగ మీద పట్టుకోండి, పాట శ్రుతికి తగ్గట్టు తీగలు సర్దుకోవలసి వస్తుంది. గమకం వేయవద్దు. మీటు, మెట్టు, అంతే. పాట ముగిసేదాకా ఆపకుండా వాయించండి. చేయి అలవాటుపడ్డాక తాళం తీగల మీద ఏం వేయబుద్ధి అవుతుందో చూసి, వీలైతే రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. నేను వింటాను.